నరసాపురం రేవులో మా మేడం

మా ఆఫీసు సెల్లారులోకి దిగే వాలు దగ్గర వాననీటి కాలువ మీద ఒక ఇనుప పలక పరిచి ఉంది. కారు దాని మీదుగా వెళ్ళినప్పుడు ముందు చక్రాల కింద ఒకసారి, వెనక చక్రాల కింద ఒకసారి ధన్‌మంటుంది. ఇన్ని అంతస్తుల అద్దాల మేడ కట్టినవాళ్ళకు ఆ పలకకు బోల్టులు బిగించడం చేతకాలేదని మా టీములోని మహేశ్ రోజూ విసుక్కుంటాడు. నాకైతే ఎవరూ బిగించకపోతేనే బాగుండుననిపిస్తుంది. ఆ చప్పుడు వినగానే హైటెక్ సిటీ ట్రాఫిక్కూ పొద్దుటి మీటింగులూ ఒక్క క్షణం వెనక్కి జరిగిపోతాయి. నరసాపురం రేవు, కారును ఏరు దాటించే పంటు, దాని మీద నీలం అంచు చీరలో నిలబడిన ఎస్తేరు రాణి మేడం కళ్ళ ముందుకొస్తారు.

ఆవిడ మా మేనేజరు. ఆసుపత్రుల ల్యాబు రిపోర్టులు తయారయ్యే సాఫ్ట్‌వేర్ మాది. దాన్ని పరీక్షించి, కొత్త మార్పులను విడుదల చేసే టీముకు ఆవిడ పెద్ద. మీటింగులో ఎవరు ఎంత పెద్దగా మాట్లాడుతున్నా ఆవిడ చేతిలో కొక్కెం ఉన్న సన్నటి సూది, ఒళ్ళో తెల్లని దారపుండ ఉండేవి. లేసు అల్లుతూనే వినేవారు, అల్లుతూనే అడిగేవారు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని అలా అల్లుతారు. ఆవిడకు ఆ విద్య వాళ్ళ అమ్మమ్మ నుంచి వచ్చిందట. కొత్తగా వచ్చిన డైరెక్టరొకాయన మొదట్లో మొహం చిట్లించాడు. ఆ మీటింగు చివర ఆయన చెప్పిన నాలుగు విషయాల్లో పొసగని రెండింటినీ ఆవిడ సూది ఆపకుండానే ఎత్తి చూపించారు. మర్నాటి నుంచి ఆయన మొహం మామూలుగానే ఉంది.

ఏడాదికోసారి, పెద్ద విడుదల ఒకటి గట్టెక్కగానే, టీము మొత్తాన్నీ వాళ్ళ ఊరికి తీసుకుపోయేవారు. తెల్లవారుతుండగా హఫీజ్‌పేట్‌లో మా ఇంటి ముందు కారు హారను మోగేది. మా అమ్మ సకినాల డబ్బా ఇస్తూ "జర పైలం మేడం, మా పిల్లకు ఈత రాదు" అనేది. "నాకూ రాదండి, గోదారి ఒడ్డున పుట్టినా!" అని ఆవిడ నవ్వేవారు. సూర్యాపేటలో ఇడ్లీలు, విజయవాడ దాటాక కాలువల పక్కన రోడ్డు, భీమవరం దగ్గర కంటికి ఆనినంత మేర చేపల చెరువులు. పాలకొల్లు దాటిందంటే మేడం గొంతులో ఊరు దిగేది. మాటకు ముందొక 'ఆయ్', వెనకొక 'అండి' చేరిపోయేవి.

వాళ్ళ ఊరంటే ఆవిడకు మహా గర్వం. "మీ హైటెక్ సిటీ నిన్నగాక మొన్న పుట్టిందండి. మా రేవులో ఓడలు కట్టేవారు. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు వరస కట్టి వచ్చారండి మా దగ్గరికి. వీసాలకు కాదు, మా మాధవాయపాలెం బట్టకు!" అనేవారు. ఇప్పుడక్కడ ఓడల జాడ లేదు. పాత మిషను బంగళాలూ కొన్ని సమాధులూ లేసు కొనే వ్యాపారులూ మిగిలారు. ఆవిడ చెబుతుంటే మాత్రం తెరచాపలు కనిపించేవి. పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగి, అంతర్వేది దాకా పోయేవాళ్ళం. మేము నరసింహస్వామి దర్శనం చేసుకుని వచ్చేదాకా ఆవిడ బయట అల్లుకుంటూ కూర్చుని, ప్రసాదం ఇస్తే కళ్ళకద్దుకుని తినేవారు. అక్కడి నుంచి ఇసుకలో నడిస్తే గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. నేను పుట్టి పెరిగాక మొదటిసారి సముద్రాన్ని చూసింది అక్కడే.

"గిదేంది మేడం, నది ఏడ అయిపోయింది, సముద్రం ఏడ మొదలైంది?" అని అడిగాను.

"అది గోదారికే తెలీదమ్మా, నీకేం చెప్పను!" అన్నారు.

ఈ ప్రయాణాల్లో ఒక ఆనవాయితీ ఉండేది. పంటు అంటే పడవలను జతచేసి పైన చెక్కలు పరిచిన తేలే వేదిక. ఒడ్డు నుంచి దాని మీదికి వేసిన ఇనుప పలక మీదుగా కార్లు ఎక్కాలి. సముద్రం దగ్గర కావడంతో అక్కడ గోదావరికీ ఆటుపోట్లుంటాయి. నీళ్ళు తగ్గినప్పుడు పలక వాలుగా అయిపోతుంది. కాస్త వంకరగా వెళ్ళామా, చక్రం గాలిలో ఉంటుంది. ఏటా టీములో ఒకరు కారును పంటు ఎక్కించాలి. మిగతావాళ్ళు దిగి నడిచి వెళ్ళాలి. మేడం మాత్రం నడిపేవాళ్ళ పక్క సీటులో కూర్చుని లేసు అల్లుకునేవారు, ఒక్క మాట మాట్లాడరు. సూది ఆగకుండా కదులుతుంటే అంతా సవ్యంగానే ఉన్నట్టు నడిపేవాళ్ళకు ధైర్యం.

ఆ ధైర్యమే మాకు అలవాటైపోయింది. ఆఫీసులోనూ తెర మీది అంకెల కంటే ముందు ఆవిడ చేతులు చూడటం నేర్చుకున్నాం. సూది ఆడుతుంటే ముందుకు, నెమ్మదిస్తే అనుమానం, ఆగితే ప్రమాదం. ఈ శాస్త్రం మేమే కనిపెట్టుకున్నాం. ఆవిడకు తెలియదు.

ఒక శనివారం ఉదయం పెద్ద విడుదల జరుగుతోంది. సగంలో ఉండగా ప్రొద్దుటూరు మహేశ్ నా మోచేతిని పొడిచాడు.

"అక్కా, మేడం సూది ఆపేసింది సూడు."

చూశాను. నిజంగానే ఆగింది. ఆవిడ కనుబొమలు కూడా ముడిపడి ఉన్నాయి. "ఆపుండ్రి! అందరు ఆపుండ్రి!" అని అరిచాను. గదిలో అందరూ కీబోర్డుల మీంచి చేతులెత్తేశారు. అవతల ఫోనులో ఆసుపత్రివాళ్ళు ఏమైందని అడుగుతున్నారు. మేడం తలెత్తి మమ్మల్ని వింతగా చూశారు.

"ఏమైందండి? ఎందుకాపారు?"

"మీరే ఆపిన్రు గద మేడం, సూది."

"అల్లిక తప్పిందని చూసుకుంటున్నానండి! నా లేసుకూ మీ విడుదలకూ ఏమిటి సంబంధం?"

అందరం పగలబడి నవ్వాం. ఆవిడ మాత్రం నవ్వలేదు. విడుదల పూర్తయ్యాక నన్ను కిటికీ దగ్గరకు పిలిచారు. ఆవిడ పదవీ విరమణ దగ్గర పడింది. తన తరువాత టీమును నాకప్పగించమని పైవాళ్ళకు చెప్పి ఉన్నారు. 'ఆ అమ్మాయి ప్రతిదానికీ మీ మొహం చూస్తుంది కదా, పెద్ద విడుదలను తనంతట తాను ఆపగలదా?' అని వాళ్ళు అడుగుతున్నారట. నాకు ఆ బాధ్యత కావాలి. చాలా కావాలి. మా ఇంట్లో ఆఫీసు మెట్లెక్కిన మొదటిదాన్ని నేను.

"నేను వెళ్ళిపోయాక ఎవరి చేతులు చూస్తావమ్మా సునీతా?" అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఆ ఏడు నరసాపురం ప్రయాణంలో పంటు ఎక్కించే వంతు నాది. రేవుకు చేరేసరికి నీళ్ళు బాగా తీసి ఉన్నాయి. పలక నిటారుగా కనిపించింది. అందరూ దిగారు. వాళ్ళతోపాటు మేడం కూడా తలుపు తీసుకుని దిగిపోయారు.

"మీరేడికి మేడం?"

"నేను ముందు వెళ్ళి నిలబడతాను. నువ్వు రా."

ఆవిడ పలక మీదుగా నడిచి, పంటు అవతలి చివర కమ్మీ దగ్గర నాకు వీపు పెట్టి నిలబడ్డారు. ఎదురుగా గోదావరి, ఆవల సఖినేటిపల్లి కొబ్బరితోటలు. నాకు కనిపించేది నీలం అంచు మాత్రమే. చేతులు ఆవిడ ముందున్నాయి. నేనెంత మెడ చాచినా కనబడవు.

కారు కదిలించాను. ముందు చక్రాలు ధన్‌మంటూ పలకెక్కాయి. సగం వాలులో బండి ఎడమకు ఒరిగినట్టనిపించి బ్రేకు తొక్కాను. ఒక్కసారిగా రేవంతా నాకు గురువైపోయింది. ఒకరు "ముందుకు కొట్టండి, కొట్టండి!" అంటారు, ఇంకొకరు "ఆగండమ్మా!" అంటారు, వెనక ఆటోవాడు హారను మీంచి చెయ్యి తీయడు. నేను నీలం అంచు వైపు చూశాను. అది తిరగలేదు. ఏడుపొచ్చింది, ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. తరువాత అద్దంలోంచి చక్రాన్ని చూశాను. వంకరగానే ఉంది. ఎవరేమన్నా ముందుకు పోకూడదని నాకే తెలిసింది. అంతమంది చూస్తుండగా కారును వెనక్కి దించి, ఆటోను జరగమని చెయ్యూపి, మళ్ళీ తిన్నగా పెట్టుకుని ఎక్కించాను. వెనక చక్రాల ధన్ వినబడ్డాక ఆవిడ తిరిగారు.

"వచ్చేశావా?" అన్నారు, బజారుకెళ్ళి వచ్చినదాన్ని అడిగినట్టు.

ఆ రోజు గోదావరి దాటుతున్నంతసేపూ ఆవిడ అల్లలేదు. ఎందుకని అడిగితే "దారం అయిపోయిందమ్మా" అన్నారు.

ఆవిడ రిటైరై, టీము నాకు అప్పగించాక, నా చేతి మీదుగా జరిగిన మొదటి విడుదలలోనే రెండు అంకెలకు పొంతన కుదరలేదు. చిన్న తేడా. అవతలివాళ్ళు పరవాలేదు కానివ్వండన్నారు, మా పైవాళ్ళూ సరేనన్నారు. నేను ఆపించాను. తీరా వెతికితే ఒకరి రక్తపరీక్ష మరొకరి పేరు మీద పడే తప్పు అందులో దాక్కుని ఉంది. సాయంత్రం మేడంకు ఫోను చేసి చెప్పాను.

"ఎవరినైనా అడిగావా?"

"లేదు మేడం. నేనే ఆపమన్న."

ఆవిడ ఫోను పక్కకు పెట్టి, "అక్కా, విన్నావా! మా సునీత ఆపించేసిందట! ఎవర్నీ అడగలేదట!" అని వాళ్ళక్కగారికి కేకపెట్టి చెప్పడం వినబడింది. నా జీతం పెరిగిన రోజు కూడా నేనంత ఎత్తుకు ఎగరలేదు.

ఆవిడ కన్నుమూసి ఏడాది దాటింది. ఆనవాయితీ మాత్రం పోనివ్వలేదు. కిందటి నెల టీమును తీసుకుని నరసాపురం వెళ్ళాను. బాచుపల్లి నుంచి వచ్చే నవ్య ఈసారి కారు ఎక్కించాలి. పిల్ల స్టీరింగును రెండు చేతులా పట్టుకుని నన్నే చూస్తోంది. నేను దిగి, పలక దాటి, ఆ చివర కమ్మీ దగ్గరకు వెళ్ళాను. అక్కడ తాళ్ళు సర్దుతున్న సత్తిబాబు, ఎన్నో ఏళ్ళుగా ఆ పంటు మీద పనిచేస్తున్న మనిషి, నన్ను గుర్తుపట్టాడు.

"ఆయ్, మేడంగారు కూడా సరిగ్గా ఇక్కడే నిలబడ్డారండి, మీరు కారెక్కించిన రోజు. మీ బండి ఆగిపోయినప్పుడు ఈ కమ్మీ పట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారండి. చేతిలో దారపుండ జారి గోదాట్లో పడిపోయింది. అమ్మా, దారమండీ అని తీయబోతే, 'ఉండండి సత్తిబాబూ, ముందు మా పిల్ల ఎక్కాలి' అన్నారండి. మీకు చెప్పొద్దని ఒట్టు కూడా పెట్టించుకున్నారు."

ఇన్నేళ్ళూ ఆవిడ నిబ్బరంగా నదిని చూస్తూ నిలబడ్డారనే అనుకున్నాను. నన్ను అంతగా నమ్మడానికి ఆవిడ అంత భయపడ్డారని నాకు తెలియదు. కళ్ళు తుడుచుకుని, ఆవిడ పట్టుకున్న చోటే కమ్మీ పట్టుకుని గోదావరి వైపు తిరిగాను.

నా వెనకాల కారు ముందు చక్రాలు ధన్‌మన్నాయి. ఇంజను మొరాయించి ఆగింది. రేవులో కేకలు మొదలయ్యాయి. "అక్కా!" అని నవ్య పిలిచింది. నేను తిరగలేదు. కాసేపటికి కారు వెనక్కి దిగుతున్న చప్పుడు, మళ్ళీ ఎక్కుతున్న చప్పుడు. నా చేతిలో దారపుండ లేదు గానీ, ఉండి ఉంటే అదీ గోదావరిలోనే పడి ఉండేది.