రాములమ్మ వెనక్కి అడిగిన ఆవాల దిండ్లు

ఆళ్లగడ్డలో ఓ చిన్న చర్చి. ఒక ఆదివారం ఉదయం అక్కడ నెల దాటిన పసివాడి కోసం కృతజ్ఞతా ప్రార్థన జరుగుతుండగా ఆవాల దిండొకటి విడిపోయింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. బిడ్డను దిండుతో సహా పాస్టరుగారి చేతికి అందించేటప్పుడు ఒక మూల కుట్టు ఊడి, అరకిలో ఆవాలు నున్నటి గచ్చు మీద పరుచుకున్నాయి. పాస్టరుగారు బిడ్డను తల్లి చేతికి తిరిగిచ్చి, ఒక అడుగు వెనక్కి వేసి, ప్రార్థన ఆపకుండానే కూర్చున్నారు. కూర్చోవాలని ఆయన అనుకోలేదు. ఆమెన్ మాత్రం కిందనుంచే చెప్పారు.

ఇంటికి నడుస్తూ జ్ఞానప్రకాశం సారు భార్యతో, "ఆవగింజ మీద ఆయప్ప ఇరవై ఏండ్లుగా ప్రసంగం చేస్తాండాడు. ఈ పొద్దు ఆవగింజే ఆయప్పకు ప్రసంగం చేసింది" అన్నాడు.

భార్య రాములమ్మ నవ్వలేదు. ఆ దిండు కుట్టింది ఆమె.

రాములమ్మ ఇంటి వసారాలో కాలిమిషను మీద జాకెట్లు కుడుతుంది. ఆమె చేతి జాకెట్టు కోసం దొర్నిపాడు నుంచి కూడా మనుషులు వస్తారు. అయితే ఆమెకు అసలు గర్వం జాకెట్ల మీద కాదు, దిండ్ల మీద. తెలిసిన ఇంట్లో కాన్పు అయిందంటే చాలు, ఆవాలను మూడు రోజులు ఎండబెట్టి, జల్లించి, మిగిలిన జాకెట్టు గుడ్డతో అరచేతి కంటె కొంచెం పెద్ద దిండు కుట్టి ఇచ్చి వస్తుంది. తల గుండ్రంగా రావాలని. అలా ఇరవై ఆరేళ్లుగా ఇస్తోంది. ఏ ఇంటికి ఏ గుడ్డతో ఇచ్చిందో గుర్తుకు ఒక్కో ముక్క మిషను సొరుగులో దాచుకుంటుంది కూడా.

ఈ పట్టుదలకు కారణం జ్ఞానప్రకాశం సారు తల. రిటైరైన టీచరు, మంచి మనిషి, కానీ ఆయన తల వెనక భాగం గోడకు అంటించి ఆరబెట్టినట్టు ఉంటుంది. పెళ్లిలో పక్కన నిలబడినప్పుడే రాములమ్మ చూసింది. పాపం, పసితనంలో ఎవరూ దిండు పెట్టలేదు కాబోలు అనుకుంది. తనకు తెలిసిన ఏ బిడ్డకూ ఆ గతి పట్టకూడదని ఆ రోజే నిశ్చయించుకుంది.

చర్చిలో దిండు విడిపోయిన మూడు వారాలకు, కోడలు ఫెబాకు నంద్యాలలోని పుట్టింటి దగ్గరి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. మనవరాలి దిండును రాములమ్మ మూడు వరసల కుట్టు వేసి, ఫెబా పెళ్లి జాకెట్టులో మిగిలిన ఊదా రంగు గుడ్డతో తయారుచేసి, బస్సెక్కి ఆసుపత్రికి పోయింది.

నర్సు ప్రమీల దిండును చూడగానే తల అడ్డంగా ఊపింది. "దిండు వద్దు పెద్దమ్మా. వెల్లకిలా పండబెట్టాల. పరుపు గట్టిగా, చదునుగా ఉండాల. చుట్టూ మెత్తటి గుడ్డలు ఏమీ పెట్టగూడదు."

"అట్లే సిస్టరమ్మా" అంది రాములమ్మ ఎంతో వినయంగా, దిండును టిఫిన్ క్యారియర్ సంచిలో పెట్టుకుంటూ.

మూడో రోజు మధ్యాహ్నం ఫెబా కునుకు తీసింది. ప్రమీల పక్క వార్డులో ఉంది. రాములమ్మ అటూ ఇటూ చూసి, సంచిలోంచి దిండు తీసి, మనవరాలి తల కింద నెమ్మదిగా జరిపింది. ఊదా గుడ్డ మీద ఎర్రటి చిన్న మొహం. ఎంత ముద్దుగా ఉందో అనుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

కాసేపటికి బిడ్డ గొంతులోంచి గురగురమని చిన్న శబ్దం వచ్చింది. తాత పోలికే, అప్పుడే గురక పెడుతోందని రాములమ్మ మురిసిపోయింది.

ఫెబా కళ్లు తెరిచింది. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. "సిస్టర్!" అని అరిచింది. ప్రమీల పరుగున వచ్చి, ఒక అరచెయ్యి మెడ కింద, ఇంకొకటి నడుము కింద పెట్టి బిడ్డను ఎత్తింది. బిడ్డ నిండుగా ఒక ఊపిరి పీల్చి, వార్డంతా వినపడేట్టు ఏడ్చింది. ఏడుపు వింటే గుండె నీరయ్యే రాములమ్మ, ఆ ఏడుపు ఆగకూడదని మొదటిసారి కోరుకుంది.

ఇక తిడుతుందని తల దించుకుని నిలబడింది. ప్రమీల తిట్టలేదు.

"పెద్దమ్మా, నీళ్ల పైపు మడత పడితే ఏమైతాది?"

"నీళ్లు రావు."

"బిడ్డ మెడా అంతే. తల బరువు, మెడకు బలం లేదు. దిండు పెడితే గడ్డం కిందికి పడి గాలిదారి మడత పడతాది. పక్కకు తిరిగితే ముక్కు దిండులోనే పడతాది. నీ చెయ్యి ఇట్లా తే." ప్రమీల ఆమె అరచేతిని బిడ్డ మెడ కింద పెట్టింది. "ఎత్తుకునేటప్పుడు ఇదే దిండు. పండుకునేటప్పుడు ఏ దిండూ వద్దు."

"మరి తల సొట్ట పోతే?"

"ఒకపూట మొగం ఇటు, ఒకపూట అటు తిప్పి పండబెట్టు. మేలుకుని ఉన్నప్పుడు, నువ్వు చూస్తా ఉండంగా, కొంచేపు బోర్లా ఆడించు. చానామందికి పెరిగేకొద్దీ అదే సర్దుకుంటాది. తగ్గకపోతే డాక్టరుకు చూపించు."

మనవరాలి తల రాములమ్మ అరచేతిలో వెచ్చగా ఒదిగింది. ఇరవై ఆరేళ్లు ఎండలో ఆవాలు పోసిన చెయ్యి అది.

ఫెబా ఈ సంగతి మొగుడు అజయ్ కుమార్‌కు కూడా చెప్పలేదు. "తెలీక పెట్నావులే అత్తా" అని మాత్రం అంది. ఆ ఒక్క మాటకు రాములమ్మ బస్సులో ఆళ్లగడ్డ వచ్చేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఇంట్లో అడుగుపెట్టగానే మిషను సొరుగు లాగింది. రంగురంగుల ముక్కలను మంచం మీద పరిచి, ఏడాది లోపు పిల్లలున్న ఇళ్లవి వేరు చేసింది. ఏడు. ఏడిళ్లలో ఏడు మెడలు. జరిగింది మొగుడికి చెప్పి, "నీకు దిండు పెట్టలేదని గదయ్యా నేనింత చేసింది!" అని బావురుమంది.

జ్ఞానప్రకాశం సారు తల వెనక నిమురుకున్నాడు. "నన్ను ఆవాల దిండు మీదే పెంచినాది మా యమ్మ."

"ముప్పై ఏండ్లుగా చెప్పవేందీ?"

"నువ్వు అడగల్యా. అడక్కుండా చెప్పి, నీ సంతోషం ఎందుకు చెడగొట్టాల?"

మర్నాడే ఆదివారం. సాక్ష్యాల సమయంలో రాములమ్మ లేచింది. సాక్ష్యమంటే జ్వరం తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో చెబుతారు. ఆమె, "అందరికీ వందనాలు. నేను ఆస్పత్రిలో దొంగతనంగా ఒక పని చేసినాను" అని మొదలుపెట్టేసరికి, కునికే వెనక వరసలు కూడా మేలుకున్నాయి. దాచకుండా అంతా చెప్పింది. "నా మనవరాలి ఊపిరి నిలబెట్టిన దేవునికి స్తోత్రం. నన్ను తిట్టకుండా నేర్పించిన ఆ సిస్టరమ్మకు, నా పరువు కాపాడిన నా కోడలికి వందనాలు. ఆ పరువు ఇప్పుడు నేనే తీసుకుంటాండా. మీ బిడ్డల కింద ఉండే నా దిండ్లు నాకిచ్చేయండి" అంది.

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది పాస్టరుగారు, నడుము మీద చెయ్యి వేసుకుని.

సాయంత్రానికి నాలుగు దిండ్లు ఇల్లు చేరాయి. ఆ ఆవాలు పోపులో వెయ్యనని మాటిస్తేనే భోజనానికి కూర్చుంటానన్నాడు సారు. మర్నాడు రాములమ్మ వీధుల వెంట తిరిగి ఇంకో రెండు తెచ్చుకుంది. ఇక మిగిలింది చిలకపచ్చ ముక్క. అది దొర్నిపాడులోని విజయమ్మది. పొలాలున్న పెద్ద కుటుంబం. కూతురు వినీత కాన్పుకొచ్చి ఉంది, బిడ్డకు రెండో నెల.

ఆటో దిగి పోయేసరికి బిడ్డ చిలకపచ్చ దిండు మీదే నిద్రపోతున్నాడు. గడ్డం కొంచెం కిందికి వంగి ఉంది. రాములమ్మ పలకరింపు కూడా మరిచి, మెడ కింద అరచెయ్యి పెట్టి దిండు లాగేసింది. బిడ్డ తల చదునైన బొంత మీద ఆనింది. మెడ చాపుకుని, మూతి ఒకసారి చప్పరించి, నిద్ర సాగించాడు. రాములమ్మ మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది.

"ఏందీ రాములక్కా, ఇచ్చినదాన్ని లాక్కుపోను ఇంత దూరం వచ్చినావా?" అంది విజయమ్మ.

రాములమ్మ నంద్యాల సంగతి చెప్పింది. వింటూ వింటూ వినీత లేచి, బిడ్డ పక్కనున్న మెత్తటి దుప్పట్లు కూడా తీసి అవతల పెట్టింది. చిలకపచ్చ దిండు రాములమ్మ సంచిలోకి పోయింది. విజయమ్మకు మాత్రం మనసు ఒప్పలేదు. గడప దాకా వెంటవచ్చింది.

"రేపు మావాని తల సొట్ట పడితే, పెండ్లిచూపుల్లో నువ్వొచ్చి జవాబు చెప్తావా?"

"సొట్టకైతే టోపీ కుట్టి ఇస్తా విజయమ్మా, ఊపిరి కుట్టడం నాకు రాదు."