మాటలు వినపడని పాటకు ఫిట్ సంతకం

కరోనా తగ్గి ఆఫీసుకు అందరూ రావడం మొదలైన మరుసటి ఏడు, జూన్ నెలలో నన్ను కర్నూలు నుంచి కడపకు బదిలీ చేశారు. హోదా సీనియర్ ఇంజనీరింగ్ అసిస్టెంట్, పని స్టూడియో రికార్డింగులు. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. అది సర్కారు రేడియో. అంతకు మించి వివరం రాయను, పెన్షన్ ఇంకా అక్కడి నుంచే వస్తోంది.

మా పనిలో శాస్త్రం ఒకటే: మాట వినపడాలి. ప్రతి రికార్డింగు తర్వాత ఇంజనీరు ఒక స్లిప్పు మీద ఫిట్ అనో అన్‌ఫిట్ అనో రాసి సంతకం పెడతాడు. ఆ సంతకం లేనిది ఏదీ ప్రసారానికి పోదు. గరగర, బుస, ఈల, ఏది వినపడినా అన్‌ఫిట్. ముప్పై రెండేళ్లలో నేను ఫిట్ అని రాసింది ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే. ఇంట్లో తాలింపు వేస్తుంటే కూడా చిటపట ఎక్కువైందని మా ఆవిడతో అనే రకం నేను.

ఆగస్టులో ఒకరోజు ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్ పద్మావతిగారు ఒక బుకింగ్ కాగితం ఇచ్చారు. కార్యక్రమాలు నిర్ణయించేది వాళ్లు, శబ్దం చూసుకునేది మేము. ఆదివారం పొద్దున యువతరం కార్యక్రమానికి ఒక గిటార్ బృందమట, ముగ్గురు పిల్లలు. సంగీతం పేరు షూగేజ్ అని రాసుంది. ఇదేమి పేరు మేడమ్ అంటే, ఆల్టర్నేటివ్ రాక్‌లో ఒక రకమట, నాకూ తెలియదు, మీరే అడగండి అన్నారు. పాట సాహిత్యం ఆమె ముందే చదివి ఆమోదించారు. ఒక చెల్లెలు అక్కను తలుచుకునే పాట, అభ్యంతరం ఏముంటుంది?

వచ్చినవాళ్లలో పాడి గిటార్ వాయించే అమ్మాయి ప్రసన్న. కమలాపురంలో ఎరువుల అంగడి ఉన్న రైతు కూతురు, కడపలో ఎమ్మెస్సీ చదువుతోంది. డ్రమ్స్ ఓబులేసు. బేస్ గిటార్ వాయించే చంద్ర ఆ రోజంతా నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. స్టూడియో తలుపు దగ్గర చెప్పులు విడవడం మా ఆనవాయితీ. తివాచీకి దుమ్ము తగలకూడదన్నది ఒక కారణం, వాద్యాలున్న చోటన్నది ఇంకొకటి. ముగ్గురూ బూట్లు విప్పి లోపలికొచ్చారు. ప్రసన్న కాళ్ల ముందు ఏడెనిమిది చిన్న ఇనుప డబ్బాలు వరసగా పేర్చుకుంది. పెడల్స్ అంటారు. గిటార్ శబ్దం వాటిలోంచి పోతూ ఒకచోట మసకబారుతుంది, ఒకచోట రెండింతలవుతుంది, ఇంకోచోట సాగుతుంది. వాటిని కాలి బొటనవేలితో నొక్కుతూ, తల వంచుకునే పాట మొదలుపెట్టింది.

నేను కంట్రోల్ రూమ్ నుంచి మైకులో చెప్పాను. "తల ఎత్తి పాడమ్మా, సిగ్గెందుకు?"

ఆ అమ్మాయి నవ్వింది. సిగ్గు కాదట. పెడల్స్ చూసుకోవాలి కాబట్టి వాయించేవాళ్లు ఎప్పుడూ కిందికే చూస్తారట. అది చూసి ఇంగ్లండులో ఎవరో, వీళ్లు బూట్లు చూసుకునేవాళ్లని ఎగతాళి చేస్తే, ఆ పేరే నిలిచిపోయిందట. "మాకు ఈడ బూట్లు గూడా లేకుండా చేసినారు సార్" అన్నాడు ఓబులేసు. నాకూ నవ్వొచ్చింది.

పాట సాగాక మాత్రం నవ్వు పోయింది. నాలుగు నిమిషాలు గిటార్ ఒక గోడ మాదిరి నిలబడింది, గొంతు ఆ గోడ వెనక ఎక్కడో ఉంది. నాకు ఒక్క మాటా అర్థం కాలేదు. ఓబులేసును అడిగితే, "రెండేళ్లుగా డ్రమ్స్ కొడ్తాండా సార్, ఏమి పాడ్తాదో నాకే తెలీదు" అన్నాడు. అందులో గొప్ప కూడా ఉన్నట్టుంది వాడికి.

పెద్దవాణ్ణి కదా, తెలివి చూపించాను. ముందుజాగ్రత్తకని గిటార్ వైరును పెడల్స్ కంటే ముందే రెండుగా చీల్చి, శుభ్రంగా ఉన్న శబ్దాన్ని వేరే ట్రాక్ మీద పట్టుకున్నాను. వాళ్లకు చెప్పలేదు. రికార్డింగు అయ్యాక కళాకారులకు వినిపించడం పద్ధతి. ఆ రోజు వెంటనే పంటల కార్యక్రమం వాళ్లు వచ్చి కూర్చోవడంతో అదీ జరగలేదు. మధ్యాహ్నం తీరిగ్గా ఆ గోడను పీకేసి, శుభ్రమైన గిటార్ పెట్టి, గొంతును ముందుకు తెచ్చాను. ముత్యాల్లా వినపడ్డాయి మాటలు. ఫిట్ అని సంతకం పెట్టి పంపేశాను. పిల్లలకు మేలు చేశాననే అనుకున్నాను, నా మొహానికి!

శుక్రవారం ఉండబట్టలేక ప్రసన్నకు ఫోన్ చేసి, వచ్చి విని పోమ్మా అన్నాను. వచ్చింది. రెండో వరుస దగ్గరికే మొహం పాలిపోయింది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, "ఇది ఆదివారం వస్తాదా సార్?" అని అడిగింది. అవునన్నాను.

"అయితే మా అక్క లేనట్టే సార్ నాకు."

అప్పుడు చెప్పింది. అక్క జయ మూడేళ్ల కిందట ఇంట్లో ఒప్పుకోని పెళ్లి చేసుకుని బళ్లారి పోయింది. ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదు. మాట్లాడితే నీ చదువూ బంద్, ఫోనూ బంద్ అని వాళ్ల నాయన ఒట్టేసినాడు. ఈమె శుక్రవారం శుక్రవారం కాలేజీ నుంచి అక్కకు ఫోన్ చేస్తుంది. పాటలో ఉన్నది అదే. జయా అనే పిలుపు, శుక్రవారం, బళ్లారి, అన్నీ ఉన్నాయి. వాళ్ల నాయన అంగట్లో పొద్దస్తమానం రేడియో మోగుతుంది. మా పాప రేడియోలో పాడ్తాండాదని కమలాపురం బజారంతా చెప్పుకున్నాడట.

నాకు కోపం వచ్చింది. అట్లాంటప్పుడు ఆ మాటలే ఎందుకు పాడాలి, వేరే పాట లేదా అన్నాను. ఆమె తడుముకోలేదు. "మీ స్టేషన్ బళ్లారిలో గూడా పడ్తాది, అక్క వింటాది సార్. పాట మాటలు ఆమెకు ముందే ఫోన్లో చెప్పినా. ఇంకెవరికీ తెలీకుండా అక్కకు మాత్రం చెప్పాల. ఈ సంగీతంలోనే అది కుదుర్తాది."

పాత ట్రాకులు ఇంకా చెరపలేదు, నయం. పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టుకున్నాను. పెడల్స్ దారి గుండా వచ్చిన గిటార్‌నే మళ్లీ పైకి తెచ్చాను. గొంతు తగ్గించాను. "ఇంకా సార్" అంది. తగ్గించాను. "ఇంకా." నా చెయ్యి రానంటోంది. ముప్పై రెండేళ్లు గొంతులు పైకి లేపిన చెయ్యి అది. చివరకు ఆమె తల ఊపిన చోట ఆపి, మొదటి నుంచి విన్నాను. ఆశ్చర్యం ఏమిటంటే, మాటలు తెలిసిపోయిన నాకు ఇప్పుడు ఆ హోరులో ప్రతి అక్షరమూ వినపడుతోంది! చెవికి తెలిసినదాన్ని చెవి వెతికి పట్టుకుంటుందన్నమాట. ఇన్నేళ్లు శబ్దంతో బతికి ఈ సంగతి గమనించలేదే అని నా మీద నాకే చిరాకేసింది.

అయితే నా చెవి సాక్ష్యం ఇక్కడ చెల్లదు. టెక్నీషియన్ ఖాదర్ భాయ్‌ని పిలిచి, ఏమీ చెప్పకుండా మూడుసార్లు వినిపించి, అర్థమైన మాటలు కాగితం మీద రాయమన్నాను. కాగితం ఖాళీగా ఇచ్చాడు. "ఏదో ఆడగొంతు సార్, శానా దూరంలో ఉండాది. వింటాంటే బాగుండాది గానీ ఏమంటాందో తెలీదు." ప్రసన్న అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

ముందు పంపినదాన్ని తీయించేశాను, ఇక మిగిలింది కొత్తదానికి స్లిప్పు. నా పై అధికారి అసిస్టెంట్ ఇంజనీరు విని, "మాట ఒక్కటీ తెలియట్లేదు, అన్‌ఫిట్ రాసెయ్యండి, ఆ టైముకు ఏదైనా పాత భక్తిగీతం వేద్దాం" అన్నాడు. నిబంధన ప్రకారం ఆయన మాటే సరి. కానీ పాట ఆగితే ఎందుకు ఆగిందని వాళ్ల నాయన ఆరా తీస్తాడు, బళ్లారిలో వినే మనిషి ఎదురుచూసి ఊరుకుంటుంది. ప్రసన్న గుట్టు నేను ఎవరికీ చెప్పదలచుకోలేదు. నా బాధ్యత మీద ఫిట్ అని రాశాను. కింద ఒక వాక్యం కలిపాను: ఈ ధ్వని కళాకారుల ఉద్దేశం, పరికరాల లోపం కాదు. "ఫిర్యాదులొస్తే మీరే చూసుకోండి" అని ఆయన వెళ్లిపోయాడు.

చూసుకుందామనే ఆదివారం డ్యూటీ అడిగి వేయించుకున్నాను. పాట మొదలైన నిమిషానికే ఫోన్ మోగింది. రేడియో పట్టడం లేదని ఒకరు, ట్రాన్స్‌మిటర్ కాలిపోయిందా అని ఇంకొకరు. ఫిర్యాదుల రిజిస్టర్‌లో పేరు, ఊరు రాసుకుంటూ పోయాను. మూడో ఫోన్ కమలాపురం నుంచి.

"ఏమప్పా, మా పాప పాట వస్తాంటే మీ స్టేషన్ గరగరలాడ్తాండాదే! పదిమందిని పిలుచుకోని కూర్చున్నా ఈడ. పాప గొంతు ఒక్కమాట తెలిస్తే ఒట్టు. మీకు జీతాలు ఎందుకిచ్చేది?"

స్టేషన్ లోపం కాదు, ఆ పాట అట్లాగే ఉంటుంది అన్నాను. ఆయన నమ్మలేదు. "మా పాప శానా బాగా పాడ్తాది. మీరే చెడగొట్టినారు" అని పెట్టేశాడు. ఆ మాట గుచ్చుకుంది. బిడ్డ గొంతు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్న మనిషి. ఆయనకు దాన్ని వినపడకుండా చేసింది నేనే, తెలిసి చేశాను. తప్పు చేయలేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన మీద జాలి మాత్రం పోలేదు.

పాట అయిపోయి వార్తలు మొదలయ్యాక ఇంకో ఫోన్. ఆడమనిషి. ఇప్పుడు పాడిందే, ఆ పాట గురించి అంది. అలవాటుగా పెన్ను తీసి, ఫిర్యాదు ఏమిటో చెప్పండమ్మా అన్నాను.

"ఫిర్యాదు కాదు సార్" అంది. "మాటలన్నీ వినపడినాయి. ఒక్కటి గూడా పోలేదు. అది చెప్దామనే చేసినా."

ఎక్కడి నుంచమ్మా అన్నాను. బళ్లారి అని చెప్పి ఫోన్ పెట్టేసింది. రిజిస్టర్‌లో ఫిర్యాదు అన్న గడిలో గీత కొట్టి, స్పష్టంగా వినపడింది అని రాసి, సంతకం చేశాను.

ఆ సోమవారం మెమో వచ్చింది, జవాబిచ్చాను, అది ఫైల్లో పడింది. ఉద్యోగంలో మిగిలిన ఏడాదిపాటు నేను మార్చుకున్న పద్ధతి ఒకటే. మైకు పెట్టేముందు, ఈ మాట ఎవరికి వినపడాలి అని పాడేవాళ్లను అడిగేవాణ్ణి. చాలామంది అందరికీ అనేవారు. అయినా అడగడం మానలేదు.