చప్పుడు లేని కారు

పరిమళక్క కారు పున్నమ్మని గుద్దలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నా, మధ్యలో ఎవరూ లేచి అడ్డు ప్రశ్నలు వెయ్యకుండా. ఆ కార్లో పక్క సీట్లో కూచున్నది నేనే. నా పేరు నాగశ్రీ, లెక్కల టీచర్ని. కళ్ళజోడుంది, దాంతో చక్కగా కనపడుతుంది కూడా. మా బడి ఉన్న ఊళ్ళో నోరున్న ప్రతి మనిషీ "కుంటి టీచరమ్మ ముసలమ్మని కారుతో గుద్దేసింది" అని చెప్పుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

పరిమళక్కది నందిగామ, మా వీధి అవతలే. మా బళ్ళోనే సోషల్ చెప్తుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆనించుకుని నడుస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళని "మీ ఇంట్లో అంత సుఖంగా ఉందా అండీ?" అని తిరిగి అడుగుతుంది. వాళ్ళు గబగబా టీ తాగేసి వెళ్ళిపోతారు. అన్నయ్య డేవిడ్‌రాజు గారు పక్కింట్లోనే ఉంటాడు, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. మంచివాడే. చెల్లెలంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే ఆమెకి ఊపిరాడనివ్వడు.

మా బడి జగ్గయ్యపేట దాటి లోపలికెళ్ళాలి. ఏళ్ళ తరబడి ఇద్దరం నందిగామలో బస్సెక్కి, పేటలో దిగి, షేర్ ఆటో పట్టుకుని వెళ్ళేవాళ్ళం. బస్సు మెట్టు ఎంత ఎత్తుంటుందో కాళ్ళు బాగున్నవాళ్ళకి తెలీదు. అక్క కమ్మీ పట్టుకుని తనంతట తనే ఎక్కగలదు, కాస్త టైం పడుతుందంతే. ఆ కాస్త టైం ఎవరూ ఇవ్వరు. వెనకనుంచి ఎవడో జబ్బ పట్టుకుని పైకి లేపుతాడు. పైనుంచి కండక్టరు చెయ్యి పట్టుకుని గుంజుతాడు. "పాపం, జాగ్రత్తమ్మా" అని బస్సంతా ఓ మాట అంటుంది. సీట్లో కూచున్నాక అక్క జబ్బ రుద్దుకుంటూ, "నాగా, బియ్యం బస్తాని లేపేటప్పుడైనా ఎక్కడ పట్టుకోవాలో చూసుకుంటారే" అనేది. అలా జబ్బ మీద ఎవరి చెయ్యైనా పడితే చాలు, ఆ రోజంతా ఆమెకి మనసు బాగుండేది కాదు.

కారు కొన్నది అందుకే. షికార్లకి కాదు.

విజయవాడ వెళ్ళి షోరూములన్నీ తిరిగాం. చిన్న కార్లలోకి కూలబడాలి. పెద్ద జీపుల్లాంటి వాటిలోకి ఎగబాకాలి. ఇది రెంటికీ మధ్యరకం. తలుపు తీస్తే సీటు సరిగ్గా నడుము ఎత్తులో ఉంటుంది. వెనక్కి కూచుని, కాళ్ళు లోపలికి తిప్పుకుంటే పని అయిపోయింది. పైగా క్లచ్ లేదు, ఎడమ కాలికి అందులో ఉద్యోగమే లేదు. అక్క కిందికి చూసి, "పెడళ్ళు రెండు, పనిచేసే కాలు ఒకటి. సరిపోయింది" అంది. సేల్స్‌లో ఉన్న పిల్లాడు నవ్వాలో వద్దో తెలీక నా వంక చూశాడు.

డాక్టరు సర్టిఫికెట్టూ, లైసెన్సు టెస్టూ అన్నీ పద్ధతిగా అయ్యాయి. డ్రైవింగ్ నేర్పింది మా ఆయన కిషోర్‌బాబు. నేర్పానని చెప్పుకుంటాడు గానీ, పక్కన కూచుని లేని క్లచ్చిని తన ఎడమ కాలితో తొక్కుతూ భయపడ్డాడు, అంతే.

అది పెట్రోలూ కరెంటూ రెండిటితో నడిచే హైబ్రిడ్ బండి. డేవిడ్‌రాజు గారు మొదటిరోజు కారు చుట్టూ ప్రదక్షిణం చేసి ప్లగ్గు ఎక్కడ పెట్టాలో వెతికాడు. "దీనికి ప్లగ్గుండదన్నా. బ్రేకేసినప్పుడల్లా బ్యాటరీ తనే నింపుకుంటుంది" అని అక్క చెప్తే, "బ్రేకేస్తే కరెంటొచ్చేటట్టయితే కరెంటాఫీసు ఎందుకే?" అన్నాడు. పెట్రోలు బంకులో ఇంకో గోల. "కరెంటు బండికి పెట్రోలేంటి మేడం?" అని ప్రతిసారీ అడుగుతారు. మైలేజీ కూడా మామూలు కార్లకి ఎదురు లెక్క. హైవే మీద కంటే ఊళ్ళో ఆగుతూ సాగుతూ పోతేనే ఎక్కువ ఇస్తుంది.

అన్నిటికంటే వింత, దానికి చప్పుడు లేకపోవడం. మెల్లగా పోతున్నంతసేపూ ఇంజను లేవదు, బ్యాటరీ మీదే జారుకుంటూ పోతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే గాని వినపడనంత సన్నటి ఈల ఒకటి వేస్తుందనుకోండి. పేటలో సిమెంటు లారీల మధ్య ఇరుక్కుంటే అది ఆన్‌లో ఉందో లేదో స్క్రీను చూసి తెలుసుకోవాల్సిందే. కొత్తలో స్టార్ట్ కాలేదనుకుని అక్క మళ్ళీ బటన్ నొక్కి, నిక్షేపంలా ఉన్న బండిని ఆపేసేది.

ఇంక మా బడి ఉన్న ఊరి రోడ్డు సంగతి. మిరప కోతలప్పుడు కళ్ళాలు చాలక తారు రోడ్డు మీద సగం దాకా కాయలు ఆరబోస్తారు. మిగతా సగంలో బళ్ళు పోతాయి. కాయలు తిరగేసేవాళ్ళు రోడ్డుకి వీపు పెట్టి పని చేసుకుంటారు. వెనక్కి తిరిగి చూసే అలవాటే లేదు. వాళ్ళు బళ్ళని చెవులతో చూస్తారు. ఇది ట్రాక్టరు, ఇది పాల ఆటో, ఇది ఫలానావాడి బుల్లెట్టు అని చప్పుణ్ణి బట్టి పోల్చుకుంటారు. చప్పుడు దగ్గరకొస్తే తల తిప్పకుండానే ఓ అడుగు పక్కకి జరుగుతారు.

ఆ శుక్రవారం బడి వదిలాక మేం వస్తుంటే పున్నమ్మ రోడ్డు మధ్యదాకా వచ్చి కాయలు తిరగేస్తోంది. ఆమె కొడుకు రత్తయ్య కౌలుకి వేసిన పంట అది. అక్క కారు ఆపేసింది. పూర్తిగా ఆపేసింది. నేను హారన్ కొట్టమన్నా. "ఎందుకు నాగా పెద్దావిణ్ణి ఉలిక్కిపడేట్టు చెయ్యడం? తనే జరుగుతుందిలే" అంది. మేం వచ్చిన సంగతి ఆమెకి తెలీదన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. మేం ఆమె జరుగుతుందని చూస్తున్నాం, ఆమె వెనక ఎవరూ లేరనుకుని పని చేసుకుంటోంది. అంతలో చేట కోసం ఇటు తిరిగింది. ఎదురుగా అంత కారు. హడిలిపోయి వెనక్కి అడుగేసింది, ఆ అడుగు ఎండుకాయల మీద పడింది. జారి, చెయ్యి కింద వేసుకుని పడింది. మణికట్టు విరిగింది.

అక్క కారు దిగడానికి కాస్త టైం పడుతుందని చెప్పాగా. ఆ కాస్త టైంలో జనం పోగయ్యారు, తీర్పు కూడా అయిపోయింది. "నా కార్లో ఆసుపత్రికి తీసుకెళ్తా" అని అక్క అంటే రత్తయ్య "మీ కారుకో దణ్ణం టీచరమ్మా" అని తల్లిని ఆటో ఎక్కించాడు. ఊళ్ళో పెద్ద రైతు వెంకటరత్నం గారు, బడి వ్యవహారాలన్నీ ఆయన చేతుల మీదే నడుస్తాయి, అక్క దగ్గరకొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "మేడం గారూ, మీ పరిస్థితి మాకు తెలుసు. ఈ తాపత్రయం మీకు అవసరమా అండి? ఓ డ్రైవర్ని పెట్టుకోండి. లేదంటే కారు ఊళ్ళోకి తేవద్దు." ఎంతో మర్యాదగా చెప్పాడు. జబ్బ పట్టుకుని లేపేవాళ్ళు కూడా ఇంతే మర్యాదగా ఉంటారు.

మేం నందిగామ చేరేసరికే ఫోన్లో వార్త వచ్చేసింది. డేవిడ్‌రాజు గారు వీధిలోనే నిలబడి ఉన్నాడు. అక్క దిగీదిగకముందే ఆమె చేతిలోంచి తాళం తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇంక చాలమ్మా. సోమవారం నుంచి నేనే దింపుతా. దీన్ని అమ్మేద్దాం."

"అన్నా, కారు ఆగి ఉంది."

"ఆగిందో సాగిందో, ముసలమ్మ చెయ్యి విరిగిందా లేదా?"

అక్క కాలు ఈడ్చుకుంటూ లోపలికెళ్ళిపోయింది. ఆమె ఎవరికీ ఎదురు చెప్పకుండా ఉండడం నేను చూడ్డం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఆయన దింపడం నాలుగు రోజులే, తర్వాత మళ్ళీ ఆ బస్సు మెట్టు, మళ్ళీ ఆ చేతులు.

మర్నాడు రెండో శనివారం, బడి లేదు. పొద్దున్నే ఫోన్ చేసి రమ్మంది. వెళ్ళా. డేవిడ్‌రాజు గారు తన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. జేబులో తాళం బయటికి కనపడుతూనే ఉంది. కారు వీధిలో గోడవారన ఉంది. అక్క "అన్నా, నాగాతో బయటికెళ్ళొస్తా" అంది. ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే "ఊఁ" అన్నాడు. అక్క నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి కారెక్కింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నా.

"ఎక్కవే. రెండో తాళం బీరువాలో చీరల కింద ఉండేది. ఇప్పుడు బ్యాగులో ఉంది. దీనికి గుచ్చే పని కూడా లేదుగా" అని బటన్ నొక్కింది.

స్క్రీను వెలిగింది. ఇంజను లేవలేదు. కారు కదిలింది. నేను అద్దంలోంచి వెనక్కి చూశా. అన్నయ్యగారు పేపరు పేజీ తిప్పాడు. వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి, తర్వాత పడీ పడీ నవ్వాం. చిల్లకల్లు దగ్గరకొచ్చాక ఆయన ఫోన్ వచ్చింది. "బడి ఊళ్ళో ఉంటాం, అక్కడికి రమ్మను" అని నాతో చెప్పించింది.

సరాసరి పున్నమ్మ ఇంటి ముందుకే పోనిచ్చింది. కారు చూసి జనం మళ్ళీ చేరారు. వెంకటరత్నం గారూ వచ్చాడు. "మళ్ళీ తెచ్చారా మేడం?" అన్నాడు, ఈసారి అంత మర్యాద లేదు.

అక్క కారుకి ఆనుకుని నిలబడింది. "తెచ్చానండి. నిన్న ఈ కారు ఆగి ఉంది. ఆగి ఉన్న కారుని మీ డ్రైవరొచ్చి ఇంకా బాగా ఆపుతాడా? నా కాలు తప్పయితే చెప్పండి, తాళం ఇప్పుడే మీ చేతిలో పెడతా. చప్పుడు లేకపోవడం తప్పయితే చెప్పండి, చప్పుడు పెడతా. ఆ తప్పు తెచ్చి నా కాలికి మాత్రం అంటించకండి."

 వసారాలో మంచం మీద పున్నమ్మ, చేతికి అట్ట పెట్టి గుడ్డ చుట్టి ఉంది. వాపు చూసి సిమెంటు కట్టు వేస్తామని, ఇవాళ మళ్ళీ రమ్మన్నారట పేట ఆసుపత్రిలో. అక్క వెళ్ళి మంచం పట్టె మీద కూచుంది.

"నొప్పిగా ఉందా మామ్మా?"

"ఉండదూ మరి. అమ్మాయ్, నిన్న నువ్వు నన్ను గుద్దావా?"

"లేదు మామ్మా."

"అదే నేనూ మొత్తుకుంటున్నా. నీ బండి చూసి నేనే జడుసుకుని పడ్డానంటే ఒక్కరూ వినిపించుకోరే. చెయ్యి విరిగితే బుర్ర కూడా విరిగిందనుకుంటున్నారు వీళ్ళు."

రత్తయ్య తల దించుకున్నాడు. అక్క గోడ వంక చూస్తోంది. అక్కడ మేకుకి ఎద్దుల మెడ పట్టెడలు రెండు వేలాడుతున్నాయి, నిండా ఇత్తడి మువ్వలు.

"మా ఎద్దులవి. వాటిని అమ్మినా ఇవి అమ్మబుద్ధి కాలా" అంది పున్నమ్మ. "చీకట్లో బండి కట్టుకుని వస్తుంటే ఈ మువ్వలు విని అంత దూరాన్నే మనుషులు జరిగేవాళ్ళు."

"నాకిస్తావా?"

ముసలమ్మ కారు వంక చూసింది, మువ్వల వంక చూసింది. "ఒరే, తీసి కట్టరా" అంది కొడుకుతో. రత్తయ్య నసుగుతూనే కారు ముందు జాలీకి రెండు పట్టెడలూ బిగించి కట్టాడు. ఇప్పటికీ హైవే ఎక్కేముందు వాటిని విప్పడం, ఊరి రోడ్డులోకి తిరిగాక మళ్ళీ కట్టడం నా డ్యూటీ.

రత్తయ్య పేటకి ఆటో పిలవబోయాడు. "ఆ గతుకులకి నా చెయ్యి ఊడొస్తుంది. నేనిందులోనే పోతా" అని పున్నమ్మ లేచింది. వెంటనే అటునుంచి రత్తయ్య, ఇటునుంచి వెంకటరత్నం గారు ఆమె జబ్బలు పట్టుకోబోయారు.

"వదలండి" అంది అక్క. ఆ గొంతుకి ఇద్దరూ ఆగిపోయారు. "ఎవరూ పట్టుకోవద్దు. మామ్మా, వెనక్కి తిరిగి కూచో. ఇప్పుడు కాళ్ళు లోపలికి తిప్పుకో. నేను రోజూ అలాగే ఎక్కుతా."

కాస్త టైం పట్టింది. అందరం నిలబడి ఆ టైం ఇచ్చాం. పున్నమ్మ ముందు సీట్లో సర్దుకుని కూచుంది. నేను రత్తయ్యతో కలిసి వెనక ఎక్కా.

కారు కదిలితే మువ్వలు ఘల్లుమన్నాయి. కాయలు తిరగేసేవాళ్ళు తలెత్తకుండానే ఓ అడుగు పక్కకి జరిగారు. ఊరి చివర మాత్రం ఒకాయన జరగలేదు. స్కూటర్ అడ్డంగా పెట్టి, నందిగామ నుంచి ఎండలో వచ్చిన మొహంతో, తాళం చేత్తో పైకెత్తి పట్టుకుని రోడ్డు మధ్య నిలబడ్డాడు డేవిడ్‌రాజు గారు.

అక్క కారు ఆపి అద్దం దించింది. ఆమె నోరు తెరిచేలోపే పున్నమ్మ తన వైపునుంచి తల బయటికి పెట్టింది.

"ఎవరయ్యా నువ్వు? ఇంత చప్పుడు చేసుకుంటూ వస్తుంటే వినపళ్ళా? జరుగు."

ఆయన ముసలమ్మ కట్టు వంక చూశాడు, మువ్వల వంక చూశాడు, చేతిలో తాళం వంక చూసుకున్నాడు. స్కూటర్ పక్కకి తీశాడు.

"ఆ తాళం నీ దగ్గరే ఉంచన్నా" అంది అక్క. "నాది ఎప్పుడైనా పోతే అడుగుతా."