బడి గేటు దాకా నాన్న

తిరుమలరావుకి తెలుగు వచ్చు, హిందీ వచ్చు, కూరలమ్మే ముసలమ్మలతో బేరమాడేటంత ఛత్తీస్‌గఢీ వచ్చు. తాత శ్రీకాకుళం పక్కనుంచి రైల్వే పనికని బిలాస్‌పూర్ వచ్చాడు. తండ్రి గోవిందరావు ఇక్కడే రైలింజన్ల షెడ్డులో రిటైరయ్యాడు. ఇతనూ అదే షెడ్డులో ఇంజన్ల కింద దూరే ఫిట్టరు. మూడు భాషలొచ్చిన ఇంత మనిషీ మోప్కా దారిలో హిందీ, ఇంగ్లీషు రెండు భాషల్లో ఉన్న ఇంటర్నేషనల్ స్కూలు బోర్డు చూసి హడలిపోయాడు. చిక్కల్లా ఆ ఇంగ్లీషుతోనే.

కూతురు ప్రణీతని అందులోనే చదివించాలని ఆలుమగలిద్దరికీ పట్టుదల. తల్లిదండ్రుల్లో ఒకరొచ్చి మాట్లాడాలన్నారు బడివాళ్లు. భార్య భానుప్రియ నావల్ల కాదంది. అప్పుడు పుట్టింది తిరుమలరావు బుర్రలో ఆ పాడు ఆలోచన. ఊళ్లోనే తెలిపారా పేటలో బ్యాంకు ఉద్యోగం చేసే తమ్ముడు చంద్రమౌళి ఇంగ్లీషు గలగలా మాట్లాడతాడు. అతనే అన్న పేరు చెప్పుకుని, తండ్రినేనంటూ వెళ్లి కూర్చున్నాడు. సీటొచ్చింది. బయటికొచ్చాక తమ్ముడన్న మాట మాత్రం తిరుమలరావుని ఇప్పటికీ పొడుస్తూనే ఉంది.

"అన్నీ హిందీలోనే అడిగారన్నయ్యా. నువ్వెల్లినా సరిపోను."

అయిందేదో అయింది, మర్నాడే వెళ్లి నిజం చెప్పేస్తే పోయేది. సీటు తీసేస్తారని భయం! అందుకని ఐదేళ్ల పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. బడిలో చిన్నాన్నే నీకు పాపా, అంటే నాన్న, నేను షెడ్డులో పనిచేసే షెడ్‌వాలే అంకుల్ని, గుర్తుంచుకో అన్నాడు. తడబడితే మళ్లీ చెప్పించాడు, సరిగ్గా చెబితే చాక్లెట్టు ఇచ్చాడు. రోజూ బండి మీద తనే దింపేవాడు, గేటు దగ్గర నాన్నా అనకూడదని ముందే చెప్పి మరీ.

చంద్రమౌళి ఆ పాపా వేషంలో బాగానే రాణించాడు లెండి. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో అందరికీ కావలసినవాడయ్యాడు, కమిటీలోకి కూడా తీసుకున్నారు. స్పోర్ట్స్ డే నాడు నాన్నలందరికీ తాడు లాగే పోటీ పెట్టారు. బ్యాంకులో కాగితాలు తిరగేసే ఆ చేతుల్లోంచి తాడు జారిపోతోంది. రోజూ ఇనుము ఎత్తే తిరుమలరావు ప్రహరీ అవతల బండి మీద కూర్చుని చూస్తున్నాడు. లోపల ప్రణీత "కమాన్ పాపా" అని గొంతు చించుకుంటోంది. ఆ పూట అతనికి అన్నం సయించలేదు. కన్నకూతురికి అబద్ధం నేర్పిన పాపం నాదేనని కుమిలిపోయాడు. భానుప్రియ అడిగితే ఎండదెబ్బ అన్నాడు.

మొన్న వానాకాలంలో డ్యూటీలో ఉండగా తమ్ముడి ఫోనొచ్చింది. ప్రణీత జారుడుబల్ల మీంచి పడి గడ్డం చిట్లిందని బడివాళ్లు తనకి చెప్పారట, తనేమో రాయ్‌పూర్‌లో ఉన్నాడట. తిరుమలరావు గ్రీజు బట్టలతోనే పరిగెత్తాడు. దారంతా ఒకటే అనుకున్నాడు. ఇవాళ నిజం చెప్పేస్తాను, సీటు పోతే పోనీ.

ఆఫీసు గదిలో పిల్ల గడ్డానికి కట్టుతో టీచరమ్మ పక్కన కూర్చుని వెక్కుతోంది. మీరెవరని అడిగింది టీచరమ్మ.

"మై ఇస్‌కా బాప్ హూఁ," అన్నాడు తిరుమలరావు. పిల్లకి తండ్రినన్న ఆ ఒక్క ముక్కా అనేసరికి గుండె తేలికపడింది.

ప్రణీత పాపాగా చంద్రమౌళిని ఆవిడ ఎన్ని మీటింగుల్లో చూడలేదు! అనుమానంగా పిల్లని దగ్గరికి లాక్కుని, ఈయనెవరో చెప్పమంది. ప్రణీత ఏడుపు టక్కున ఆపేసింది. పద్యం అప్పజెప్పేముందు చూసినట్టు తండ్రి మొహంలోకి చూసింది.

"నహీ మేడమ్. యే షెడ్‌వాలే అంకుల్ హై."

తిరుమలరావు కాదని ఎలా అంటాడు, నేర్పింది తనే. టీచరమ్మ చంద్రమౌళికి ఫోన్ చేసింది. ఇక్కడ జరిగిందేమీ తెలియని అతను, ఆయన మా మనిషే, పంపించేయండి అన్నాడు. ఇంకోసారి ఇలాంటి వేళాకోళాలు చెయ్యొద్దని మందలించి మరీ పిల్లని అప్పగించింది ఆవిడ.

గేటు దాటాక ప్రణీతని ఎత్తి బండి ముందు కూర్చోబెట్టాడు. గడ్డం అంత నొప్పి పెడుతున్నా పిల్ల మొహం వెలిగిపోతోంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అతని చెవి దగ్గరికి వంగింది.

"నువ్వే మర్చిపోనావు నాన్నా. నేను మర్చిపోలేదు."

అని, చాక్లెట్టు కోసం చెయ్యి చాపింది.