కార్మెన్ గారి వేడివేడి సూపు

కంప్యూటర్లకు వైటూకే గండం గడిచిన ఏడాది, 2000. సింగపూర్‌లో, టోవా పాయోలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను ప్రోగ్రామర్‌ని. హోటల్లో టచ్ స్క్రీన్ మీద నొక్కిన ఆర్డరు వంటగదిలో చీటీగా వచ్చే ఏర్పాటు మేం చేసేవాళ్ళం.

స్పెయిన్ నుంచి వచ్చి అక్కడ భోజనశాల నడుపుతున్న కార్మెన్ గారు మా ఏర్పాటు కొన్నారు. మా పనిలో ఆఖరి మెట్టు యూఏటీ. అంటే కొన్నవారు స్వయంగా వాడి చూసి, సరేనని సంతకం చేయడం. ఆ సంతకం వస్తేనే నా వర్క్ పాస్, అంటే అక్కడ పనిచేసే అనుమతి, పొడిగింపిస్తామని కంపెనీ చెప్పింది.

భోజనశాలలో యూఏటీ జరుగుతున్న రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన వేడి చాల్లేదని సూపు తిప్పి పంపారు. కార్మెన్ గారు చీటీ తెచ్చి నా ముందు పెట్టారు.

"నేను 'కాలియెంతే' రెండుసార్లు నొక్కాను. ఒక్కటే వచ్చింది."

కాలియెంతే అంటే వేడి. స్క్రీన్ మీద వేలు పొరపాటున రెండుసార్లు తగలడం మామూలే. అందుకని ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తే రెండోదాన్ని మా ప్రోగ్రాం తీసేస్తుంది. దాన్ని డూప్లికేట్ చెక్ అంటాం.

"ఒకసారి చెబితే మా వంటమనిషి గిన్నెలో పోసి పంపుతాడు. రెండుసార్లు చెబితే మళ్ళీ పొయ్యెక్కిస్తాడు. మా వాళ్ళంతా అలాగే అడుగుతారు. ఇలా అయితే నేను సంతకం చేయను," అన్నారామె.

మా టీమ్ లీడ్ నసీర్ హైదరాబాదీ. నన్ను పక్కకు పిలిచాడు.

"రాజావారూ, 'ఎక్స్‌ట్రా హాట్' అని ఇంకో బటన్ పెడ్తమని జెర బతిమాలుండ్రి. నోరేం అరగదు గదా."

మాది ఒకప్పటి జమీందారీ కుటుంబం; మిగిలిన ఎస్టేటు కూడా నా చిన్నప్పుడే పోయింది. బతిమాలడం మాత్రం మా ఇంట ఎవరూ నేర్పలేదు. "వంటగది చూసి వస్తాను," అన్నాను.

లోపల గోడవారగా నిలబడ్డాను. కార్మెన్ గారు తొంగిచూసి, నోటితోనే "కాలియెంతే, కాలియెంతే" అన్నారు. వంటమనిషి తలెత్తకుండా సూపు తిరిగి మంట మీద పెట్టాడు. ఆ పిలుపు నాకు కొత్త కాదు. ఏ మాటనైనా రెండోసారి అనడం తన స్థాయికి తక్కువనుకునే మా తాతగారు కూడా, భోజనానికి కూర్చుంటే "వేడివేడిగా తే" అనేవారు. వంటావిడ పొయ్యి మీది అన్నమే తెచ్చేది.

కొత్త బటన్ పెట్టలేదు. వంటకాల పేర్లకు డూప్లికేట్ చెక్ ఉంచి, వేడి, చల్లన, పలచన వంటి మాటలకు తీసేశాను.

"పొరపాటున రెండుసార్లు నొక్కితే?" అన్నాడు నసీర్.

"సూపు ఇంకాస్త వేడిగా వస్తుంది."

సాయంత్రం కార్మెన్ గారు నన్ను కూర్చోబెట్టి, నాకోసం అదే బటన్ రెండుసార్లు నొక్కారు. చీటీలో రెండు మాటలూ వచ్చాయి. వెనకే పొగలు కక్కుతూ సూపు వచ్చింది. నాలుక కాలింది. వీపు వాల్చకుండా తాగాను.

"ఎట్లుంది రాజావారూ?" అన్నాడు నసీర్.

"వేడివేడిగా ఉంది."

ఆమె నవ్వి సంతకం చేశారు.

ఆ తర్వాత ఏ హోటల్లో పని మొదలుపెట్టినా ముందు వంటగదిలోకి వెళ్ళేవాణ్ణి. మనకు అదనమనిపించే మాట విని, అక్కడ ఎవరో పొయ్యి మంట పెంచుతుంటారు.