ఆరని గడప

స్పిరిట్‌లో నానిన లక్క వాసన ముక్కుకు తగిలితే ఇప్పటికీ నా కుడి అరికాలు జిగటగా అనిపిస్తుంది. ఎల్బీ నగర్‌లోని మా ఫ్లాట్ బాల్కనీలో, కింద బస్సుల హారన్లు, ఎదురుగా మెట్రో చప్పుడు వింటూ, నాన్న పోయాక నా వాటాకు వచ్చిన పాత టేకు దర్వాజకు పాలిష్ పెడదామని ఈ వేసవి సెలవుల్లో కూర్చున్నాను. బడిలో ఆటల టీచర్‌ని. పిల్లల చేత ఖోఖో ఆడించడం తప్ప నాకు చేతిపని ఏదీ సరిగ్గా రాదు. అయినా ఇది ఇంకొకరికి అప్పగించబుద్ధి కాలేదు.

ఆ దర్వాజకు ఇల్లు లేదు. నల్లగొండ దగ్గరి మా ఊళ్లో పాత ఇల్లు కూలినప్పుడు మట్టిగోడలు మట్టిలో కలిసిపోయాయిగానీ, నాయనమ్మ మాత్రం తలుపులు, వాటిని బిగించిన చౌకట్టు, గడప ఊడదీయించి, లారీలో బియ్యం బస్తాలకంటే ముందు వాటినే ఎక్కించి, సరూర్‌నగర్‌లో మేం కిరాయికి ఉంటున్న రెండు గదుల్లోకి తెచ్చింది. సొంతిల్లు కట్టినప్పుడు ఇదే దర్వాజ పెట్టాలని ఆమె పంతం. అందాకా ఆ తలుపు రెక్కలు ముందుగదిలో ఉన్న ఒకే ఒక్క కిటికీకి అడ్డంగా నిలబడ్డాయి. చౌకట్టు గోడకు ఆనింది. ఇల్లు లేని గడపకు శుక్రవారం శుక్రవారం పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన కుటుంబం హైదరాబాదు మొత్తంలో మాదొక్కటేనేమో.

నా బాల్యమంతా ఆ మూసిన కిటికీ ఇవతలే గడిచింది. గోలీలు ఒకదానికొకటి తగిలే చప్పుడు, ఐస్‌గోలా బండి గంట, వానాకాలం చెరువు వైపు నుంచి కప్పల గోల, బతుకమ్మ రోజుల్లో వీధి చివర చప్పట్లు, అన్నీ వినిపించేవేగానీ ఏవీ కనిపించేవి కావు. పగలు కూడా లైటు వేసుకోవాల్సిన ఆ గదిలో ఎండాకాలం మామిడి తొక్కు కారం, సంక్రాంతి ముందు సకినాల పిండిలోని వాము, ఏడాది పొడవునా నాయనమ్మ నశ్యం, ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి ఊపిరి ఆడేది కాదు. బడి నుంచి రాగానే లోపల పడాలి. చెప్పు వేసుకుంటే చాలు, "ఆడిపిల్లకు బయటేం పని? జర కుదురుగ కూసో" అనేది నాయనమ్మ. అమ్మ నా చెప్పులు తీసి మూలన పెట్టేది. దిల్‌సుఖ్‌నగర్ డిపోలో డ్రైవరైన నాన్న రోజంతా బస్సును ఊరంతా తిప్పి వచ్చి, ఇంట్లో తన తల్లి ముందు మాత్రం నోరు కదపలేకపోయేవాడు.

ప్రతి ఎండాకాలం మూడు రోజులు దర్వాజకు పాలిష్. రేగ్‌మాల్, అంటే కొయ్యను రుద్దే గరుకు కాగితం, అమ్మకూ నాకూ ఇచ్చి రుద్దించేవాడు నాన్న. గోధుమరంగు దుమ్ము కనురెప్పల మీద దాకా పేరుకునేది. లక్క పెచ్చులను స్పిరిట్‌లో కరిగించి, పాత లుంగీ గుడ్డలో దూది చుట్టి, పొర మీద పొర తానే పెట్టేవాడు. అయితే చౌకట్టును పడుకోబెట్టి పాలిష్ పెట్టడం నాయనమ్మ ఒప్పుకోదు. దర్వాజ అంటే నిలబడాలి, గడప కిందే ఉండాలి, ముఖం తూర్పుకే ఉండాలి. అలా నిలబడే చోటు మా ఇంట్లో ఒక్కటే, మేం రాకపోకలు సాగించే గుమ్మం. దానికి ఆనించి నిలబెడితే ఆ మూడు రోజులూ మా ఇంటికి రెండు దర్వాజలు.

నాకు పన్నెండేళ్లప్పుడు ఒక పొద్దున నాన్న చివరగా గడపకు పాలిష్ పెట్టి డ్యూటీకి వెళ్లాడు. అరగంటలో ఆరిపోవాల్సింది. మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. ఎంతసేపైనా జిగట పోలేదు. ఆ రోజే స్టేడియంలో ఖోఖో జట్టుకు పిల్లల్ని ఎంచుతున్నారు. లోపల నేను, నాయనమ్మ. "ఆరేదాంక ఎవ్వలు దాటొద్దు" అని ఆమె పీట వేసుకుని కూర్చుంది. పది అయింది, పదిన్నర అయింది. ఏడ్చాను, బతిమాలాను, చివరికి దూకాను. పాతకాలపు చౌకట్టు పొట్టిది. తల తగులుతుందని వంగేసరికి కుడికాలు సరిగ్గా ఆ వెడల్పాటి గడప నడుమ పడింది.

అరికాలికి లక్క, లక్కకు ఇసుక. అలాగే పరిగెత్తాను. నేను చేరేసరికి పేర్లు చదవడం అయిపోయింది.

ఇంటికొస్తే నాయనమ్మ గుండెలు బాదుకుంటోంది. గడప తొక్కడమే పాపం, పైగా ఆ అడుగు బయటివైపు చూస్తోంది. లక్ష్మి ఇల్లు దాటిపోయిందని ఆమె భయం. నాన్న వచ్చి, గడప ముందు గొంతుక్కూర్చుని, వేలితో తడిమి, "కొయ్యల దిగిందమ్మా, ఇగ పోదు" అన్నాడు. తర్వాత ప్రతి ఎండాకాలం అన్నీ కొత్తగా మెరిసేవి. ఆ అడుగు దగ్గరికొచ్చేసరికి మాత్రం మమ్మల్ని చెయ్యి పెట్టనీయకుండా, చుట్టూ దిద్ది వదిలేసేవాడు. ఇల్లు కట్టలేకపోయినా, అమ్మకు జ్వరమొచ్చినా, అన్నిటికీ నా అడుగే కారణమైంది. ఐదేళ్లు ఆ మాటలు పడ్డాను.

పదిహేడో ఏట వరంగల్‌లో ఆటల హాస్టల్లో సీటొచ్చింది. నాయనమ్మ వద్దంది. నాన్న మొదటిసారి నోరు తెరిచాడు.

"గడప మీద అడుగు బయటికే ఉన్నది గదమ్మా. మల్ల ఆపుడెందుకు?"

నాయనమ్మ నశ్యం డబ్బీ తీసుకుని లోపలి గదిలోకి పోయింది. నేను వెళ్లిపోయాను.

ఇప్పుడు సరూర్‌నగర్‌లో ఆ రెండు గదులు లేవు, అక్కడ ఐదంతస్తులు లేచాయి. నాయనమ్మ లేదు, నశ్యం వాసన లేదు. మా ఫ్లాట్లో గడపే లేదు, లోపలా బయటా ఒకటే టైల్స్. పాత పాలిష్ ముందు స్పిరిట్‌తో తీయాలని దుకాణంలో చెబితే, గుడ్డ తడిపి గడప అంచు తుడుస్తున్నాను. చెయ్యి జారి గుడ్డ నా పాత అడుగులోని చిటికెన వేలి మీదికి పోయింది. ఒక్క తుడుపుకు వేలి గుర్తు కరిగి, తేనెరంగు మరకై గుడ్డకు వచ్చేసింది. కింద కొయ్య శుభ్రంగా ఉంది. కొయ్యలోకి ఏమీ దిగలేదు.

ఏటేటా ఆ దర్వాజకు పాలిష్ పెట్టిన నాన్నకు ఇది తెలియదా? నేను తిట్లు పడుతుంటే ఊరికే చూశాడని ముందు కోపం వచ్చింది. తర్వాత, హాస్టల్‌కు పంపేటప్పుడు ఆయన అన్న మాట గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. మిగిలిన నాలుగు వేళ్లు, మడమ ఇంకా బయటికే చూస్తున్నాయి. స్పిరిట్ సీసాకు మూత బిగించేశాను.