పోదుం అంటే పోదాం కాదు

పదహారేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. చూసేవాళ్లకు అది బరువులా కనిపించదు, కథలా కనిపిస్తుంది. ఆ కథ చెప్పి నలుగురి చేతా చప్పట్లు కూడా కొట్టించుకుంటున్నాను. అసలు సంగతి ఇంట్లో ఆయనకు కూడా తెలియదు. మీరు నా ముఖం ఎరగరు కాబట్టి మీకు చెప్పడం కొంచెం సులువు. అయినా ఈ నాలుగు ముక్కలు రాయడానికి రెండుసార్లు లేచి కాఫీ పెట్టుకున్నాను.

నేను అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇస్తాను. మదనపల్లె, పుంగనూరు వైపు ఎక్కడ శిక్షణ పెట్టినా, కులమనీ భాషనీ ఏ బిడ్డనూ పక్కకు నెట్టకూడదు అనే పాఠం నాదే. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఒక సామెత ఉంది కదా. దాని రెండో సగంలో ఒక కులం పేరు ఉంది, అది పిల్లల ముందు అనకండమ్మా అని కూడా నేనే చెబుతాను. మొదటి సగం నాకు చాలు, సరిగ్గా సరిపోతుంది.

పాఠం మొదట్లో ఈ కథ చెబుతాను. కుప్పం దగ్గర పల్లెలో ఒక టీచరమ్మ. ఆమె పుట్టిల్లు పెద్దమండ్యం వైపు, కొత్తగా కాపురానికి వచ్చింది, అరవం ఒక్క ముక్క రాదు. ఇటుకల బట్టీలో పనికి వచ్చిన తమిళ కుటుంబం వాళ్ల నాలుగేళ్ల పాప ఆమె దగ్గర చేరింది. మధ్యాహ్నం పప్పన్నం వడ్డిస్తుంటే పాప పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి "పోదుం" అంది. టీచరమ్మకు "పోదాం" అని వినిపించింది. "యాడికే పోయేది? కూర్చోని తిను" అని ఇంకో గరిటె వేసింది. పాప ఏడుస్తూ పోదుం పోదుం అంటున్న కొద్దీ గరిటె మీద గరిటె. చివరికి బిడ్డ కక్కుకుంది. తమిళంలో పోదుం అంటే చాలు అని టీచరమ్మకు అప్పుడు తెలిసింది. మర్నాడే గోడ మీద రెండు భాషల్లో మాటలు రాసింది. పాప అందరికీ స్నేహితురాలు అయిపోయింది.

ఇది విని టీచర్లు మొదట పడీపడీ నవ్వుతారు, ఆఖరికి కొంగుతో కళ్లొత్తుకుంటారు.

ఆ టీచరమ్మ నేనే. కక్కుకునేదాకా నిజం. తర్వాతది నేను కల్పించింది.

నిజంగా జరిగింది ఇది. ఆయా మునెమ్మ నేల కడుగుతూ, "అది పోదామంటా ల్యా టీచరమ్మా, సాలంటాండాది" అని చెప్పింది. తెలియక చేసింది తప్పే, కానీ క్షమించదగ్గ తప్పు. తెలిశాక ఏం చేశాను? మర్నాడు పిల్లలు ఆ పాపను చూసి "పోదాం, పోదాం" అని ఎగతాళి చేస్తే వాళ్లతో పాటు నేనూ నవ్వాను. పాపకు మంచి పేరు ఉంది. దాన్ని నా చేత్తోనే హాజరు పట్టీలో రాసుకున్నాను. నోటితో మాత్రం "అరవపాప" అనే పిలిచాను. ఊళ్లో అందరూ అలాగే అనేవాళ్లు, నాకేమీ అనిపించలేదు.

పాపకేమో నేనంటే ప్రాణం. అన్నం విషయంలో అంత చేసినా సరే, పొద్దున రాగానే నా కొంగు చివర పట్టుకుని, నేను ఎటు వెళితే అటు దూడలా వచ్చేది. ముక్కు కూడా ఆ కొంగుకే తుడిచేది. ఇది రాస్తుంటే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

ఊరి తల్లులు ఒక్కొక్కరే వచ్చి, బట్టీవాళ్ల బిడ్డను మా పిల్లల పక్కన కూర్చోబెట్టొద్దు అన్నారు. నేను ఊరికి కొత్త కోడలిని, మంచి టీచర్ అనిపించుకోవాలని తహతహ. అదే వారం మా పైఅధికారి, పెద్ద మేడం, అంగన్‌వాడీ చూడ్డానికి వస్తున్నారు. పిల్లలందరూ పాటలు గడగడా చెప్పాలి. ఈ పిల్ల ఒక్కటే నోరు తెరవదు. తల్లులకు భయపడ్డానా, మేడంకు భయపడ్డానా, లేక నాకే ఆ బిడ్డ తక్కువగా కనిపించిందా? ఇన్నేళ్లూ మొదటి రెండే ఒప్పుకున్నాను. మూడోదీ నిజమే.

ఆ సాయంత్రం పాప తల్లి సెల్వి తీసుకెళ్లడానికి వచ్చింది. వాకిట్లోనే నిలబెట్టి చెప్పాను.

"రేపట్నించి పాపను పంపొద్దమ్మా. తెలుగు వచ్చినాక పిల్చుకోని రా."

సెల్వి చేతులు ఎర్రమట్టి కొట్టుకుని ఉన్నాయి. పాపను ముట్టుకునే ముందు చీరకు తుడుచుకుంది.

"పాప ఏమన్నా తప్పు సేసిందా టీచరమ్మా?"

"తప్పేం ల్యా. దానికి తెలుగు రాదు, అంతే."

"నేర్సుకునేదానికే కదమ్మా ఈడికి పంపిస్తాండేది?"

ఆమె తెలుగు ఎంత చక్కగా ఉందో అని మాత్రం అనుకున్నాను. పాప అప్పటికీ నా కొంగు వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే నేనే విడిపించాను.

పెద్ద మేడం వచ్చారు, పాటలు విన్నారు, మెచ్చుకున్నారు. తర్వాత నేను బట్టీ దారిలో వెళ్లేటప్పుడల్లా ఆ పాప మట్టి చేతులు ఊపుతూ పరిగెత్తుకొచ్చేది. కోపం తెలియని బిడ్డ. రేపు రావే అనడానికి ఎంతసేపు? ఒక్క మాట. అనలేదు. వానలు పడగానే బట్టీ ఆగింది, వాళ్లు వెళ్లిపోయారు. ఎక్కడికి వెళ్లారో మునెమ్మకు కూడా తెలియదు.

పోయిన వారం మదనపల్లె శిక్షణలో మళ్లీ ఈ కథే చెప్పాను. సోమల నుంచి వచ్చిన ఒక చిన్న టీచర్ చెయ్యెత్తింది. "మేడం, ఆ పాప ఇప్పుడు యాడుండాదో ఆ టీచరమ్మకు తెలుసునా?"

"డిగ్రీ చదువుతాందంట" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ బిడ్డ కూర్చునే చోటు లాక్కున్నది చాలక, దాని బతుకు కూడా నేనే కల్పించి చెప్పేశాను. పుంగనూరు బస్సులో కూర్చున్నాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు.

వచ్చే వారం చౌడేపల్లె టీచర్లు వస్తారు. ఒక టీచరమ్మ అని కాకుండా, నేను అని మొదలుపెట్టగలనా? ధైర్యం ఉందని ఒట్టేసి చెప్పలేను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇచ్చేది కాదు. ఇవ్వాల్సిన మనిషి ఎక్కడుందో తెలియదు.

ఇది రాశాక వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి హాజరు పిలిచాను. ఒకే ఒక్క పేరు. పలికేసరికి గుండె కొంచెం తేలికైంది.

పొన్ని.